ఊరిని అడగమంటే గోడల్ని అడగమనా?

ప్రశ్న: నాకు ఖుర్ఆన్ అరబీలో చదవడం వచ్చు, అర్థం తెలియదు. ఈమధ్య తెలుగు అనువాదం ముందు పెట్టుకుని మొదటినుంచీ చదువుతున్నాను. ‘అల్లాహ్ చెయ్యి వాళ్ళ చేతులపైన ఉంది’, ‘షైతానుల తలల్లాంటి కాయలు’, ‘ఒంటె సూది బెజ్జంలో దూరేదాకా’ లాంటి చోట్ల ఆగిపోతున్నాను. మా అన్నయ్యని అడిగితే ‘ఉన్నది ఉన్నట్టు నమ్మాలి. ఇది అలంకారం అని మొదలుపెడితే రేపు నమాజు కూడా అలంకారమే అంటారు’ అన్నాడు. నాతో పనిచేసే స్నేహితురాలేమో ‘అంతా ప్రతీకలే, స్వర్గం నరకం కూడా మనసులో స్థితులే’ అంటుంది. ఇద్దరి మాటలూ విన్నాక పుస్తకం తెరవాలంటేనే టెన్షన్‌గా ఉంటోంది. ఎక్కడ అలంకారమో ఎక్కడ కాదో తేల్చుకోవడం ఎలా? అలంకారం అనుకుంటే ఈమాన్ (విశ్వాసం) తగ్గినట్టా? ఇంకో చిన్న సందేహం. 57వ సూరా (అధ్యాయం) 20వ ఆయతులో (వాక్యంలో) ఒక అనువాదంలో ‘రైతులు’ అని ఉంది, ఇంకోదాంట్లో ‘అవిశ్వాసులు’ అని ఉంది. ఏది తప్పు?
— ఒక సోదరి

సమాధానం:

సోదరీ, మీరు ఆగిపోయిన చోట మీకంటే ముందు ఆగిపోయినవాళ్ళు చాలామందే ఉన్నారు. అందులో ఒకాయన ఏకంగా దైవప్రవక్త (స) కాలంలోనే ఆగిపోయారు. మీ ప్రశ్నకు సగం జవాబు ఆయన దగ్గరే దొరుకుతుంది కాబట్టి అక్కడే మొదలుపెడతాను.

ఆయన పేరు అదీ బిన్ హాతిం. దానగుణానికి అరబ్బులు ఈనాటికీ పేరు చెప్పుకునే హాతిం తాయీ కొడుకు. ఉపవాసాల ఆయతులో (2:187, అంటే 2వ సూరా 187వ ఆయతు) ‘తెల్ల దారం నల్ల దారం నుంచి విడిగా కనబడేదాకా తినండి, తాగండి’ అని ఉంది కదా. అది విని ఆయన ఒక నల్ల తాడు, ఒక తెల్ల తాడు తెచ్చి తలగడ కింద పెట్టుకున్నారు. రాత్రి లేచి చూసుకుంటున్నారు. చీకట్లో రెండూ ఒకలాగే ఉన్నాయి. తెల్లారాక వెళ్ళి ఆ సంగతి చెబితే ప్రవక్త (స) అన్నారట: ‘ఆ రెండు దారాలూ నీ తలగడ కింద పట్టాయంటే నీ తలగడ చాలా పెద్దదన్నమాట!’ ఆ తర్వాత విడమరిచి చెప్పారు: అది రాత్రి నలుపు, పగటి తెలుపు. ప్రవక్త (స) మాటల, చేతల సంకలనమైన సహీ బుఖారీలో ఉన్న ఉదంతం ఇది. అందులోనే సహ్ల్ బిన్ సఅద్ చెప్పిన ఇంకో కథనం ఉంది. ఆ ఆయతు మొదట ‘తెల్లవారుజాముది’ అన్న మాట లేకుండా దిగిందని, కొందరు కాళ్ళకు రెండు దారాలు కట్టుకుని అవి వేరువేరుగా కనబడేదాకా తింటూనే ఉండేవారని, అప్పుడు ‘తెల్లవారుజాముది’ అన్న మాట దిగిందని.

అదీ పుట్టుకతో అరబ్బు. అరబీ ఆయన ఇంటి భాష. అయినా దారం అంటే ఆయనకు తలగడ కింది తాడే తోచింది. అందుకు ఆయన్ని ఎవరూ గద్దించలేదు. సరసంగా ఒక మాట అని సరిదిద్దారు, అంతే. ఆ సరిదిద్దింది కూడా ‘ఇది అలంకారం’ అనే. మరి దారం అలంకారం అని తేలాక ఉపవాసం కూడా అలంకారం అయిపోయిందా? అప్పుడే కదా ఉపవాసం సరిగ్గా ఏ వేళకు మొదలవుతుందో తెలిసింది! మీ అన్నయ్య భయం నాకు అర్థమవుతుంది, కానీ ఈ ఉదంతంలో జరిగింది దానికి పూర్తిగా తలకిందులు. దారాన్ని దారంగానే పట్టుకున్న రోజున ఉపవాసం వేళ తప్పింది. దారాన్ని వెలుగురేఖగా చదివిన రోజున కుదిరింది.

ఖుర్ఆన్‌లో చాలా అలంకారాలు ఆ భాష ఇంటిభాషగా ఉన్నవాళ్ళకు అలంకారాలని కూడా అనిపించవు. అనువాదంలో చదువుతున్నాం కాబట్టి మనకు కాలికి అడ్డం తగులుతాయి. ‘ఆయన తల ముగ్గుబుట్ట అయిపోయింది’ అని మీరంటే తెలుగువాడు ఎవడూ తలెత్తి చూడడు. కొత్తగా తెలుగు నేర్చుకుంటున్నవాడు మాత్రం బుట్ట ఎక్కడుందని వెతుకుతాడు. ఇప్పుడు 19వ సూరా 4వ ఆయతు చూడండి. ముసలితనంలో బిడ్డ కోసం మొరపెట్టుకుంటూ జకరియ్యా ప్రవక్త (అ) అంటారు: ‘ప్రభూ, నా ఎముకలు సడలిపోయాయి, నా తల నెరుపుతో భగ్గుమంది.’ పదకొండో శతాబ్దపు భాషాపండితుడు అబ్దుల్ ఖాహిర్ జుర్జానీ ఈ ఒక్క మాట పట్టుకుని ఎంత దూరం వెళ్ళారో చూస్తే ముచ్చటేస్తుంది. ‘తలలో నెరుపు అంటుకుంది’ అన్నా సరిపోయేది కదా, ‘తల నెరుపుతో అంటుకుంది’ అని ఎందుకుంది? ఆయన చూపిన పోలిక ఇది: ‘ఇంట్లో మంట లేచింది’ అంటే ఏ మూలో లేచి ఉండొచ్చు. ‘ఇల్లు మంటలైపోయింది’ అంటే మంట అంటని చోటు లేదని. జకరియ్యా (అ) తలలో ఇక నల్ల వెంట్రుక మిగల్లేదు. ఇంత సంగతి వాక్యం అమరికలోనే ఉంది. ‘నా జుట్టంతా తెల్లబడింది’ అని అనువదిస్తే అర్థం అందుతుంది, ఆ ముసలాయన గొంతు అందదు.

అలాగే యూసుఫ్ (అ) కథలో అన్నలు తండ్రి దగ్గరికి తిరిగొచ్చి, మా మాట మీద నమ్మకం లేకపోతే ‘మేమున్న ఊరిని అడుగు’ అంటారు (12:82). ఊరిని అడగడమంటే గోడల్ని, గుమ్మాల్ని అడగమని కాదు, ఊళ్ళోవాళ్ళని. మనం ‘ఊరు ఊరంతా గొల్లుమంది’ అనడం లేదూ? మన అలంకారశాస్త్రంలో దీన్ని లక్షణ అంటారు. ‘గంగలో గొల్లపల్లె’ అన్న పాత ఉదాహరణ చదువుకున్నవాళ్ళకు వెంటనే తడుతుంది: నీళ్ళలో పల్లె ఉండదు కాబట్టి గట్టున అని అర్థం చేసుకోవాలి. అరబీ పండితులు ఇలాంటి ప్రయోగానికి మజాజ్ అని పేరు పెట్టారు, మాట తన సొంత అర్థంలోనే ఉంటే హకీకత్ అన్నారు. 18వ సూరాలో ‘పడిపోవాలనుకుంటున్న గోడ’ ఉంది (18:77). గోడకు కోరికలేమిటి? మనం ‘ఆ గోడ ఇవాళో రేపో అంటోంది’ అంటాం, గోడ నోరు తెరిచి ఏమీ అనకపోయినా. ‘నీ చెయ్యి మెడకు కట్టేసుకోకు, పూర్తిగా చాపేయనూ వద్దు’ (17:29) అన్నది పిసినారితనం, దుబారా గురించి. ఎముకలేని చెయ్యి అని దాతను పొగిడే భాష మనది, దీన్ని మనకెవరూ విప్పి చెప్పక్కర్లేదు. తల్లిదండ్రుల ముందు ‘వినయపు రెక్క వాల్చు’ (17:24) అన్నచోట మనిషికి రెక్కలెక్కడివని ఎవరూ అడగరు.

ఇక్కడిదాకా తగువేమీ లేదు. ఇంకా తేలికైనవి కూడా ఉన్నాయి. ‘వాళ్ళ పోలిక ఇలాంటిది’ అని ఖుర్ఆన్ తనే చెప్పి మరీ మొదలుపెట్టే చోట్లు. ఈ పోలికను అరబీలో మసల్ అంటారు. అల్లాహ్‌ను వదిలి వేరే అండలు చూసుకున్నవాళ్ళు గూడు అల్లుకున్న సాలీడు లాంటివాళ్ళు (29:41). దైవమార్గంలో ఖర్చుపెట్టిన సొమ్ము ఏడు వెన్నులు వేసిన గింజ, వెన్నుకు నూరు గింజలు (2:261). చేసిన దానం ఎత్తిచూపేవాడి దానం, నున్నటి బండమీద పేరుకున్న మట్టి: జడివాన ఒక్కటి కొడితే బండ మిగులుతుంది (2:264). గ్రంథం చేతికిచ్చినా దాని ప్రకారం నడవనివాళ్ళు పుస్తకాలు మోసే గాడిద (62:5). పోలిక అన్న మాట వాడకుండానే చెప్పింది ఇంకొకటి: వెనకాల చెడు మాట్లాడటం చచ్చిపోయిన తోబుట్టువు మాంసం తినడం (49:12). సాలీడేమిటి, ఈగేమిటి, దేవుడి మాటల్లో ఇంత అల్పమైనవా అని ఆ రోజుల్లోనే కొందరు వెటకారం చేశారని, దానికి జవాబుగానే ‘దోమను పోలికగా చెప్పడానికి అల్లాహ్ సిగ్గుపడడు’ (2:26) అన్న ఆయతు వచ్చిందని వ్యాఖ్యాతలు చెప్తారు.

పోలికతో వచ్చే చిక్కు ఒకటే, దాన్ని ఎంతవరకు లాగాలన్నది. సాలీడు సంగతే తీసుకోండి. ‘సాలీడు దారం అదే బరువున్న ఉక్కు కన్నా గట్టిదట, మరి ఖుర్ఆన్ దాన్ని బలహీనం అందేమిటి’ అని అడిగేవాళ్ళు ఉన్నారు. దానికి ఉలిక్కిపడి ఏవేవో సైన్సు లెక్కలు అల్లేవాళ్ళూ ఉన్నారు. ఆయతులో ఉన్నది దారం గురించి కాదు, ‘ఇళ్ళన్నిటిలోకీ బలహీనమైన ఇల్లు’ అని. ఎండ ఆపదు, వాన ఆపదు, చలి ఆపదు, చెయ్యి తగిలితే ఉండదు. పాత వ్యాఖ్యాతలు ఈ మాట ఎప్పుడో చెప్పి వదిలేశారు. ముఖం చంద్రబింబం అంటే ముఖం మీద మచ్చలు వెతకడం, పదిహేను రోజులకు క్షీణిస్తుందా అని అడగడం మర్యాద కాదు కదా.

మీరు ఆగిపోయిన ‘షైతానుల తలలు’ కూడా ఇలాంటిదే. దాని వెనక ఒక మంచి కథ ఉంది. నరకంలోని జఖ్ఖూమ్ చెట్టు కాయలు షైతానుల తలల్లా ఉంటాయని 37వ సూరాలో ఉంది. హిజ్రీ 188 ప్రాంతంలో బస్రా పండితుడు అబూ ఉబైదా బాగ్దాద్‌లో ఒక మంత్రి కొలువుకు వెళ్ళినప్పుడు అక్కడొక లేఖకుడు ఆయన్ని ఇదే అడిగాడు. ఎవరినైనా భయపెట్టాలన్నా ఆశపెట్టాలన్నా తెలిసిన దానితో పోల్చాలి, షైతాను తల ఎవరు చూశారు, అని. అబూ ఉబైదా ఇస్లాంకు ముందునాటి కవి ఇమ్రుల్ ఖైస్ పద్యం ఒకటి ఎత్తుకున్నారు. అందులో కవి తన బాణాల ములుకులు ‘గూలుల కోరల్లా’ ఉన్నాయంటాడు. గూల్ అంటే ఎడారి పిశాచం. దాన్ని ఎవరూ చూడలేదు, అయినా విన్నవాడి గుండె జారుతుంది. చూడలేదు కాబట్టే ఇంకాస్త జారుతుంది. అల్లాహ్ అరబ్బులతో అరబ్బుల వాడుకలోనే మాట్లాడాడు అన్నది ఆయన సమాధానం. ‘దయ్యంలా ఉంది’ అనేటప్పుడు మనమూ దయ్యాన్ని చూసి అనడం లేదు. ఆ రోజు వచ్చిన ఆలోచనతోనే ఖుర్ఆన్ మాటల వాడుక మీద ఒక పుస్తకం రాయాలని నిశ్చయించుకున్నానని ఆయన చెప్పినట్టు రాసి ఉంది. ఆ పుస్తకం పేరు ‘మజాజుల్ ఖుర్ఆన్’. మజాజ్ అన్న మాట అప్పటికింకా అలంకారం అన్న బిగువైన అర్థంలో స్థిరపడలేదు. ‘ఈ మాటకు ఇలా అర్థం’ అన్నంతవరకే.

ఒంటె, సూది బెజ్జం సంగతి (7:40) ఒక్క ముక్కలో: జరగని పని. మనం ఇసుకలోంచి తైలం తీయడం అన్నట్టు. జమల్ అంటే ఒంటె. ఆ మాటను జుమ్మల్ అని, అంటే ఓడల మోకు అని చదివిన పఠనం కూడా ఒకటి ప్రవక్త (స) సహచరుడు ఇబ్ను అబ్బాస్ పేరు మీద ఉంది. ఎలా చదివినా సూదిలో దూరదు.

ఇప్పుడు అసలు గట్టి చోటికి వద్దాం, ‘అల్లాహ్ చెయ్యి’ (48:10). ఇది మీ అన్నయ్యకూ మీకూ మధ్య ఇవాళ పుట్టిన తగువు కాదు, పన్నెండు వందల ఏళ్ళ పైబడినది. ‘కరుణామయుడు సింహాసనాన్ని అధిష్ఠించాడు’ (20:5) అన్న ఆయతు గురించి మదీనాలో ధర్మశాస్త్ర పండితుడు ఇమామ్ మాలిక్‌ను ఒకడు ‘ఎలా అధిష్ఠించాడు?’ అని అడిగాడు. ఆయన తల వంచుకుని చాలాసేపు ఊరుకున్నారట, చెమట పట్టిందట. తర్వాత అన్నారు: అధిష్ఠించడం అంటే ఏమిటో తెలుసు, ఎలా అన్నది బుద్ధికి అందదు, నమ్మడం తప్పనిసరి, దాన్ని గురించి ఆరాతీయడం బిద్అత్, అంటే మతంలో లేని కొత్త పోకడ. మాలిక్ 795లో పోయారు. ఆ తర్వాతి పండితుల్లో ఒక వర్గం ఆయన మాట మీదే నిలబడింది: చెయ్యి అంటే చెయ్యే, కానీ మన చేతిలాంటిది కాదు, ఎలాంటిదని అడగొద్దు. విశ్వాస విషయాలను తర్కంతో చర్చించిన వర్గాలున్నాయి; వాటిలో ముఅతజిలీలు, ఆ తర్వాత అష్అరీ, మాతురీదీ పండితుల్లో చాలామంది చెయ్యి అంటే శక్తి అనో అనుగ్రహం అనో అర్థం చెప్పారు. మూడో రకంవాళ్ళు అర్థాన్నే అల్లాహ్‌కు వదిలేశారు. ముగ్గురూ తలవంచే ఆయతు ఒకటుంది: ‘ఆయన లాంటిది ఏదీ లేదు’ (42:11). అందుకని ఈ ఒక్క విషయంలో మీ అన్నయ్యతో వాదనకు దిగకండి అంటాను. మీరు ఏ వైపున్నా మీ వెనక పెద్ద పెద్ద ఇమాములున్నారు, ఆయన వెనకా ఉన్నారు.

మీ అన్నయ్య వైపు అందరికంటే పెద్ద పేరు 1328లో డమాస్కస్‌లో చనిపోయిన ఇబ్ను తైమియ్యాది. హకీకత్, మజాజ్ అన్న విభజనే తర్వాతి తరాలు తెచ్చిపెట్టిందని, మొదటి తరాలవాళ్ళకు అది తెలియదని ఆయన వాదించారు. మరి ‘ఊరిని అడుగు’ అన్నచోట ఆయనేమైనా గోడల్ని అడగమన్నారా? లేదు. ఊరు అన్న మాటలోనే ఊళ్ళోవాళ్ళు కూడా ఉన్నారని, సందర్భాన్ని బట్టి ఏది తీసుకోవాలో తెలుస్తుందని అన్నారు. అంటే అర్థం దగ్గరికి వచ్చేసరికి చాలాచోట్ల ఆయనా, మజాజ్ అనేవాళ్ళూ ఒకే గుమ్మం ముందు నిలబడతారు. తేడా ఆ గుమ్మానికి పెట్టిన పేరులో. దేవుడి గుణాల దగ్గర మాత్రం ఆ పేరే పెద్ద విషయం అవుతుంది.

స్నేహితురాలి మాట కూడా కొత్తది కాదు. స్వర్గనరకాల శరీర వర్ణనలు సామాన్యులకు అందేలా చెప్పిన బొమ్మలని తత్వవేత్త ఇబ్ను సీనా దాదాపు ఇదే ధోరణిలో అన్నారు. 1095లో ధర్మపండితుడు గజాలీ తత్వవేత్తల మీద రాసిన ఖండనలో వాళ్ళను ఇస్లాం గీత దాటించినవని మూడు విషయాలు ఎంచితే, శరీరంతో పునరుత్థానం లేదనడం అందులో ఒకటి. మరి స్వర్గ వర్ణనలో పోలికే లేదా? ఉంది. పాడవని నీళ్ళు, రుచి మారని పాలు, తేనె వాగులు పారే చోటును వర్ణించే ఆయతు (47:15) మొదలయ్యేదే ‘మసలుల్ జన్నతి’, స్వర్గం పోలిక, అని. ‘వాళ్ళ కోసం దాచిన కంటిచలువ ఏమిటో ఏ ప్రాణికీ తెలియదు’ (32:17) అని ఇంకోచోట ఉంది. స్వర్గంలో ఉన్నవాటికీ ఇక్కడివాటికీ పేర్లే కలుస్తాయి అన్న మాట ఇబ్ను అబ్బాస్ పేరు మీద తఫ్సీర్లలో (ఖుర్ఆన్ వ్యాఖ్యానాల్లో) కనబడుతుంది. ఎక్కువమంది పండితులు నిలబడింది ఇక్కడే: స్వర్గం ఉంది, వట్టి మనసు స్థితి కాదు, ఆ పాలు మనకు తెలిసిన పాలూ కావు. మీ స్నేహితురాలు ‘పోలిక’ దగ్గరే ఆగి ఉంటే ఆమెతో పేచీ ఉండేది కాదు. పోలిక ఉంది కాబట్టి పోల్చబడినదే లేదు అన్నచోట దారి తప్పింది. ముఖాన్ని చంద్రుడితో పోల్చారు కాబట్టి ముఖమే లేదు అన్నట్టు.

ఆ గజాలీయే పేచీ తీర్చే మాట కూడా ఒకటి చెప్పారు. మూసా ప్రవక్త (అ) లోయలో నిలబడినప్పుడు ‘నీ చెప్పులు విడువు’ (20:12) అని వినబడుతుంది. అక్కడ మూసా (అ) నిజంగానే చెప్పులు విడిచారు. విడుస్తూనే ఇహపరాలు రెంటినీ మనసులోంచి విడిచారు, అన్నారు ఆయన. పైకి కనబడే అర్థాన్ని కొట్టేసి లోపలిదే నిజమనేవాళ్ళు ఒంటికంటివాళ్ళని, పైదాన్నే పట్టుకుని లోపలిది లేదనేవాళ్ళది కూడా సగం చూపేనని, రెండూ కలిపి చూసినవాడిది నిండు చూపని ఆయన లెక్క. ఇది ఆయన ‘మిష్కాతుల్ అన్వార్’ అనే చిన్న పుస్తకంలో ఉంది. ఆ పుస్తకం మొత్తం ఒక్క ఆయతు మీద నడుస్తుంది. నాకు ఖుర్ఆన్‌లో మళ్ళీ మళ్ళీ వెళ్ళి కూర్చోవాలనిపించే చోటు అదే కాబట్టి కాస్త ఆగుతాను.

24వ సూరా 35వ ఆయతు. ‘అల్లాహ్ ఆకాశాలకూ భూమికీ వెలుగు. ఆయన వెలుగు పోలిక, ఒక గూడు. అందులో దీపం. దీపం గాజులో ఉంది. ఆ గాజు మెరిసే చుక్కలా ఉంది. తూర్పుదీ కాని, పడమటిదీ కాని శుభమైన ఆలివ్ చెట్టు నూనెతో అది వెలుగుతుంది. నిప్పు తగలకపోయినా ఆ నూనె తనంతట తానే వెలిగేలా ఉంటుంది. వెలుగు మీద వెలుగు.’ గూడు అన్నచోట అరబీలో మిష్కాత్ అని ఉంది. అంటే గోడలో చేసిన గూడు, అవతలికి తెరుచుకోనిది. అవతలికి కంత ఉంటే వెలుతురు అటు పోతుంది. మూసి ఉంది కాబట్టి ఉన్న వెలుతురంతా గదిలోకే తిరిగివస్తుంది. తూర్పుదీ పడమటిదీ కాని చెట్టంటే కొండకో గోడకో చాటున లేకుండా పొద్దున్నుంచి సాయంత్రందాకా ఎండ తగిలే చెట్టని, దాని కాయ బాగా పండి నూనె తేటగా వస్తుందని కొందరు వ్యాఖ్యాతలు. అసలు అది ఈ లోకపు చెట్టే కాదని తొలితరాల పండితుడు హసన్ బస్రీ. ప్రవక్త (స) సహచరుడు ఉబయ్ బిన్ కఅబ్ దీన్ని విశ్వాసి గురించి చదివారు: గూడు ఆయన రొమ్ము, గాజు గుండె, దీపం ఖుర్ఆనూ విశ్వాసమూ. గజాలీ మనిషి తెలివి మెట్లన్నీ ఇందులో చూశారు: ఇంద్రియాలు గూడు, ఊహ గాజు, బుద్ధి దీపం, ఆలోచనను కొమ్మలు కొమ్మలుగా పెంచే శక్తి చెట్టు, ప్రవక్తలకు ఉండే చూపు నిప్పు తగలకుండానే వెలిగే నూనె.

ఇన్ని అర్థాలు చెప్పినవాళ్ళలో ఎవరూ ‘అల్లాహ్ అంటే దీపం’ అనలేదు చూడండి. ఆయతే ‘ఆయన వెలుగు పోలిక’ అని గీత గీసింది, చివర్లో ‘అల్లాహ్ జనం కోసం పోలికలు చెప్తాడు’ అని మళ్ళీ చెప్పింది. ఇంకో నాలుగు ఆయతులు దాటితే దీనికి జోడీ వస్తుంది. ఎండమావిని నీళ్ళనుకుని దప్పికతో పరుగెత్తినవాడు (24:39). ఆ వెంటనే నడిసముద్రం: అల మీద అల, దాని మీద మబ్బు, చీకటి మీద చీకటి, చెయ్యి చాపితే తన చెయ్యే తనకు కనబడదు (24:40). వెలుగు మీద వెలుగు అన్నదానికి ఎదురుగా చీకటి మీద చీకటి. మూడూ ఒకేసారి కూర్చుని చదవండి, విడివిడిగా చదివితే ఈ అల్లిక దొరకదు.

మీ అన్నయ్య నమాజు గురించి అన్న మాటకు జవాబు పొడవుగా అక్కర్లేదు. ధర్మశాస్త్రంలో నియమం ఉంది: మాటను దాని మామూలు అర్థంలోనే తీసుకోవాలి, అక్కడి నుంచి కదిలించాలంటే ఆధారం కావాలి. ఆ ఆధారాన్ని ఖరీనా అంటారు. ఆస్తి పంపకంలో సగం అంటే సగమే, నాలుగో వంతంటే నాలుగో వంతే. అయితే అలంకారం ధర్మశాస్త్రం గడప తొక్కదని కూడా అనుకోవద్దు. వుజూ (నమాజుకు ముందు చేతులు, ముఖం, కాళ్ళు కడుక్కోవడం), తయమ్ముమ్ (నీళ్ళు లేనప్పుడు మట్టితో శుద్ధి) సందర్భంలో ‘స్త్రీలను తాకితే’ (5:6) అన్న మాటను షాఫిఈ ధర్మశాస్త్ర సంప్రదాయంవాళ్ళు తాకడంగానే తీసుకున్నారు, చెయ్యి తగిలినా వుజూ పోతుందన్నారు. హనఫీ సంప్రదాయంవాళ్ళు అది భార్యాభర్తల కలయికను మర్యాదగా చెప్పిన మాటన్నారు, ఉత్త స్పర్శకు వుజూ పోదన్నారు. మాట నిజార్థమా, లక్ష్యార్థమా అన్న ప్రశ్న మీద రోజూ చేసే వుజూ ఆధారపడి ఉంది. రెండు వైపులవాళ్ళ నమాజూ నమాజే.

ఇక మీ ఈమాన్ సంగతి. ఖుర్ఆన్ తనలో స్పష్టమైన ఆయతులు ఉన్నాయని, అవే గ్రంథానికి తల్లి అని, మిగతావి ముతషాబిహాత్, అంటే పలు అర్థాలకు తావిచ్చేవని తనే చెప్పుకుంది (3:7). ఆ ఆయతులోనే పాత తగువు ఒకటుంది. ‘వాటి అసలు భావం అల్లాహ్‌కు తప్ప ఎవరికీ తెలియదు’ అని అక్కడ ఆగాలా, లేక ‘అల్లాహ్‌కూ, జ్ఞానంలో పాతుకుపోయినవాళ్ళకూ తప్ప’ అని కలిపి చదవాలా? ఎక్కువమంది ఆగారు. ఇబ్ను అబ్బాస్ తాను ఆ తెలిసినవాళ్ళలో ఒకణ్ణి అన్నట్టు కథనం ఉంది. ఎక్కడ ఊపిరి తీసుకోవాలన్న దానిమీదే ఇంత తేడా వచ్చే గ్రంథంలో మీరు నాలుగు చోట్ల ఆగినందుకు కంగారు దేనికి? ఈ ఆయతు తప్పుపట్టింది ఆగినవాళ్ళను కాదు, తగువు పెట్టాలని అలాంటివాటినే ఏరుకుని వెంటపడేవాళ్ళను.

చదివేటప్పుడు నేను చేసేది చెప్తాను. పోలిక తగలగానే ముందు అది ఆ వాక్యంలో ఏ పని చేస్తోందో చూస్తాను. ముందు నాలుగు, వెనక నాలుగు ఆయతులు చదువుతాను. తర్వాత ఆనాటి అరబ్బు చెవితో వినడానికి ప్రయత్నిస్తాను. దానికి ఒక్క మంచి తఫ్సీర్ దగ్గరుంటే చాలు, పది అక్కర్లేదు. అప్పటికీ తేలకపోతే పక్కన పెన్సిల్‌తో గీత పెట్టి ముందుకు వెళ్ళిపోతాను. అలా గీతలు పెట్టినవి రెండోసారి చదివేసరికి సగం విడిపోయి ఉంటాయి. మీరు రెండు అనువాదాలు పక్కపక్కన పెట్టుకుని చదువుతున్నారంటే ఇంకా నయం. ఒకరు ‘వినయపు రెక్క’ అని ఉంచుతారు, ఇంకొకరు ‘వినయంగా ఉండు’ అని విప్పేస్తారు. ఆ తేడా కనబడ్డచోటల్లా కింద అలంకారం ఉందని గుర్తు.

మీ చిన్న సందేహం కూడా సరిగ్గా అలాంటి చోటే. 57:20లో ఇహలోక జీవితం వాన లాంటిదని, ఆ వానకు ఏపుగా ఎదిగిన పైరు ‘కుఫ్ఫార్’ను మురిపిస్తుందని, తర్వాత అది పసుపుపచ్చబడి పొట్టు అయిపోతుందని ఉంది. కుఫ్ఫార్ అంటే మనం రోజూ వినే అర్థం అవిశ్వాసులు. కానీ ఆ మాట పుట్టిన ధాతువుకు కప్పిపెట్టడం అని అర్థం. సత్యాన్ని కప్పేవాడు కాఫిర్. విత్తనాన్ని మట్టితో కప్పేవాడూ పాత అరబీలో కాఫిరే, అంటే రైతు. పైరు చూసి మురిసేది రైతు కాబట్టి ఎక్కువమంది వ్యాఖ్యాతలు ఇక్కడ రైతులనే అన్నారు. లోకపు సొగసు చూసి మరీ మురిసిపోయేది అవిశ్వాసులే కాబట్టి వాళ్ళే అన్నవాళ్ళూ ఉన్నారు. మీ దగ్గరున్న రెండు అనువాదాల్లో ఏదీ తప్పు కాదు. నన్నడిగితే రైతులు అన్నదాని పక్కన టిక్ పెట్టుకుని, అంచులో రెండోది కూడా రాసుకోమంటాను.